లైల్ హ్యాగెస్టాడ్ పిండి పరీక్ష

లైల్ హ్యాగెస్టాడ్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. పేలినప్పుడు పక్కకి ఎంత గాలి కొడుతుందో గోధుమపిండితో కొలవనిదే ఏ తుపాకీనీ పోటీ వరసలోకి రానివ్వడు.

మోంటానాలో డ్రై ఫోర్క్ అనే చిన్న ఊరు, ఆ ఊరికో రైఫిల్ క్లబ్బు, క్లబ్బులో నెలకో శనివారం పోటీ. విడతకి పన్నెండు మంది పక్కపక్కనే చాపలు పరుచుకుని బోర్లా పడుకుని కాలుస్తారు. పూర్వం అందరివీ మామూలు తుపాకులే. తర్వాత మజిల్ బ్రేకులొచ్చాయి. గొట్టం మూతికి బిగించే చిల్లుల ముక్క అది. పేలుడు గాలిని ఆ చిల్లుల్లోంచి రెండు పక్కలకీ తోలేస్తుంది. దాంతో కాల్చేవాడి భుజానికి దెబ్బ తగ్గుతుంది. పక్కవాడి గురించి మాత్రం దాన్ని కనిపెట్టినవాడు ఆలోచించినట్టు లేదు. కాల్చినవాడు హాయిగా ఉంటాడు. పక్కవాడికి చెవులు గింగుర్లెత్తుతాయి, కళ్లలో దుమ్ము పడుతుంది, గురి ఎటో పోతుంది.

ఎవరిని ఎవరి పక్కన పడుకోబెట్టాలో తేల్చడం లైల్ పని. ముప్ఫై ఏళ్లు గోధుమల గిడ్డంగి మేనేజరుగా చేసిన మనిషి. పిండి ఎటు లేచిందో చూస్తే గాలి ఎటు కొట్టిందో తెలిసిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని భార్య ఆర్డిస్ 'యాపిల్ పై' అనే మిఠాయి చేసుకునే రేకు పళ్లెం ఒకటి పట్టుకొచ్చి, దాని నిండా పిండి పోసి, తుపాకీకి నాలుగడుగుల పక్కన పెట్టేవాడు. చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన చప్పుడు ఆపే మఫ్‌లు, కళ్లకి గాగుల్స్ పెట్టుకుని తనూ ఆ పళ్లెం పక్కనే బోర్లా పడుకునేవాడు.

క్లబ్బులో స్కోర్లు రాసేది డోరీ కొప్రీవా. మిగతా రోజుల్లో కౌంటీ రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతుంది. లైల్ వేషాలన్నీ దగ్గరుండి చూసింది ఆవిడే. బిల్లింగ్స్ నుంచి బ్రాక్ టిలరీ అనే ఆరడుగుల మనిషి, తనంత తుపాకీతో మొదటిసారి వచ్చిన రోజు ఆవిడకి బాగా గుర్తు.

"ఇదేంటండీ?" అన్నాడు బ్రాక్, పళ్లెం చూసి.

"పిండి," అన్నాడు లైల్.

"అది కనబడుతోంది. ఎందుకని?"

"నీ పక్కవాడి మొహం అనుకో. కాల్చు."

బ్రాక్ కాల్చాడు. దుమ్ము సర్దుకునేసరికి పళ్లెం కడిగి బోర్లించినట్టు ఖాళీ. పిండంతా లైల్ మీదే ఉంది. గాగుల్స్ తీస్తే కళ్ల చుట్టూ మాత్రం మనిషి రంగు కనబడింది.

"పూర్తిగా పోయింది," అని లైల్ తృప్తిగా పుస్తకంలో రాసుకున్నాడు. "కుడి చివర ఒకటో చోటు నీది. రెండోది నాది."

"మీరెందుకు నా పక్కన?"

"పిండి చూసుకోవాలి."

బ్రాక్ గొంతు తగ్గించి డోరీని అడిగాడు. "ఈయనెప్పుడూ ఇంతేనా?"

"ఇవాళ నయం. కిందటి నెల పోటీ మర్నాడు చర్చిలో టోపీ తీస్తే ముందు వరసంతా తుమ్మింది."

పిండి కథలు జిల్లా అంతా పాకాయి. కిరాణా కొట్టులో లైల్ అడుగుపెడితే, "ఈ నెల కేకా, కాల్పులా?" అని అడిగేవాళ్లు. ఆర్డిస్ పిండి డబ్బాకి తాళం వేస్తే ఆయన కారు సీటు కింద సంచి దాచాడని ఒక పుకారు. ఆ పుకారు పుట్టించింది ఆర్డిసే.

ఇంత శ్రద్ధ ఉన్న మనిషి కాల్పుల్లో మాత్రం అడుగున ఉండేవాడు. రెండు వందలకి నూట యాభై వస్తే గొప్ప. ఆయన కన్నా వెనక ఒక్క పాస్టర్ గుస్తాఫ్ ఉండేవాడు. ఆ పాస్టర్ మీట నొక్కేటప్పుడు రెండు కళ్లూ మూసుకుంటాడు.

"ఒరేయ్ లైల్, ఆ పిండేదో లక్ష్యం మీద చల్లు. కనీసం కనిపిస్తుంది," అనేవాడు మెర్ల్ స్టెన్‌స్రుడ్. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బడి.

"నీ కళ్లజోడు మీద చల్లుతాను," అనేవాడు లైల్.

అలా నవ్వుకుంటూ తొమ్మిదేళ్లు గడిచాయి. తర్వాత ఒక మే నెలలో ఒకే పోటీకి బ్రేకు తుపాకులు రెండు వచ్చాయి. ఒకటి బ్రాక్‌ది, రెండోది ట్వైలా బిషాఫ్‌ది. ట్వైలా ఆవుల మంద పెంచుతుంది. చలికాలంలో ఓ ఆవు ఆవిడని గేటుకేసి నొక్కేస్తే భుజం ఎముక విరిగి రెండు మరలు బిగించాల్సొచ్చింది. బ్రేకు లేకుండా కాల్చొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. బ్రాక్‌ని ఒక చివర, ట్వైలాని ఇంకో చివర వేశారు. లైల్ ఒక్కడే కదా, బ్రాక్ పక్కన పడుకున్నాడు. ట్వైలా పక్కన మెర్ల్ పడ్డాడు.

పోటీ అయ్యాక మెర్ల్ లేచాడు. కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది. నూట తొంభై కొట్టే మనిషి ఆ రోజు నూట నలభై రెండు కొట్టాడు.

"బ్రేకులు నిషేధించాలి. లేదా నేను రాను," అన్నాడు.

ఏడుగురు పాతవాళ్లు ఆయన వెనక నిలబడ్డారు. బ్రేకులు కావాలన్నవాళ్లు ఆరుగురు. ఏ పక్క వెళ్లిపోయినా క్లబ్బుకి తాళమే. జులై పోటీ అయ్యాక అందరూ కూర్చుని తేల్చుకోవాలనుకున్నారు.

ఆ జులై శనివారం గాలి బాగా వీచింది. పోటీ ముగిశాక చాపలు తీయడానికి వెళ్లిన డోరీ, రెండో చోట ఉన్న రేకు పళ్లెం చేతిలోకి తీసుకుంది. ఎగిరిపోయిన పిండి కనీసం అంచులకైనా అంటుకుని ఉండాలి. పళ్లెం అద్దంలా మెరుస్తోంది.

"లైల్, పిండేది?"

"అయిపోయింది."

"ఎప్పుడు?"

లైల్ చాప చుట్టడంలో మునిగిపోయినట్టు నటించాడు. "మార్చిలో."

"మార్చిలోనా? మరి నాలుగు నెలలుగా ఇక్కడ పడుకుని ఏం చూస్తున్నారు?"

"ఆ చాప ఇటివ్వు," అన్నాడు లైల్.

డోరీ చాప ఇచ్చేసింది. క్లబ్బు గదిలోకి వెళ్లి బీరువాలోంచి తొమ్మిదేళ్ల స్కోరు పుస్తకాలు దించింది. అవన్నీ తన చేతిరాతే. ఏ నెల ఎవరు ఏ చోట పడుకున్నారో అన్నిట్లోనూ ఉంది. ఇన్నాళ్లూ చివర అంకెలు కూడుతూ ఆ గడి వైపు తను సరిగ్గా చూడనేలేదు.

సమావేశంలో కాఫీ చల్లారిపోయేంతసేపు అరుచుకున్నారు. చివరికి లైల్ లేచి ఓ కాగితం తీశాడు. బ్రేకులన్నీ కుడి చివరే ఉండాలి, రెండు చివర్లా వద్దు. వాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య ప్లైవుడ్ గోడ ఉండాలి. గోడకి ఇవతల, దాని పక్కనే పడుకున్నవాళ్లకి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. బ్రేకులవాళ్లు నలుగురిని మించి వస్తే వాళ్లకి వేరే బ్యాచ్. "ట్వైలా కాల్చాలి, మెర్ల్ కూడా కాల్చాలి. ఇద్దర్లో ఒకరే మిగిలే క్లబ్బు నాకొద్దు," అన్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు మెర్ల్. "గోడ ఉన్నా సగం గాలి పైనుంచి వస్తుంది. ఆ పక్క చోటులో ఎవడు పడుకుంటాడు?"

"అది నేను చూసుకుంటాను."

"నీ పిండి గోల ఆపరా ఇంక."

"పిండి మార్చిలోనే అయిపోయింది, మెర్ల్," అంది డోరీ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. డోరీ మొదటి పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. "ఏప్రిల్. ఒకటో చోటు, బ్రేకు. రెండో చోటు, హ్యాగెస్టాడ్. మే. ఒకటి, బ్రేకు. రెండు, హ్యాగెస్టాడ్. జూన్. ఒకటి, బ్రేకు..." రెండో పుస్తకం సగంలో ఆపి తలెత్తింది. "మొత్తం అరవై ఒక్క పోటీలు. బ్రేకు వచ్చిన ప్రతిసారీ రెండో చోట ఈయనే. మనమంతా పిండి పిచ్చి అనుకున్నాం."

మెర్ల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏరా, నువ్వు ఓడిపోతున్నది అందుకా?"

"ప్రతిసారీ అందుకే అని చెప్పలేను. కొన్నిసార్లు నిజంగానే సరిగ్గా కాల్చను," అన్నాడు లైల్.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు వంతులు వేసుకుంటారు. వంతులంటే జాబితా, జాబితా అంటే తగాదా. పిండంటే నవ్వి ఊరుకుంటారు."

మెర్ల్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. డోరీ చేతిలోంచి పెన్ను లాక్కుని ఆగస్టు కాగితం మీద, బ్రేకుల పక్క చోటుకి ఎదురుగా తన పేరు రాసుకున్నాడు. సెప్టెంబరుకి బ్రాక్ రాసుకున్నాడు, ఆ ఒక్క నెలకీ తుపాకీకి బ్రేకు తీసేసి వస్తానన్నాడు. అక్టోబరుకి పాస్టర్ గుస్తాఫ్. తనెలాగూ కళ్లు మూసుకుంటాడు కనక దుమ్ము బాధ లేదన్నాడు. వచ్చే వేసవి దాకా గడులు నిండిపోయాయి. లైల్ చెప్పినట్టు తగాదా రానే వచ్చింది, జనవరి నాదంటే నాదని ఇద్దరు పట్టుబట్టారు.

ఆగస్టు పోటీకి డోరీ లైల్‌ని ఎడమ చివర పన్నెండో చోట వేసింది. పక్కన పదకొండులో తనే పడుకుంది. ఆయన మొదటి తూటా కాల్చి, అటూ ఇటూ చూశాడు.

"ఏమైంది?" అంది డోరీ.

"ఏం లేదు. చాలా నిశ్శబ్దంగా ఉంది."

స్కోర్లు కూడుతున్నప్పుడు డోరీ ఆయన అంకెని రెండుసార్లు చూసుకుంది. నూట తొంభై అయిదు. బ్రాక్‌ది నూట తొంభై మూడు. మొదటి పేరుగా లైల్‌దే పైకి చదివింది. బ్రాక్ పన్నెండో చోటు దాకా నడిచెళ్లి చేయి కలిపాడు. పాస్టర్ గుస్తాఫ్ చప్పట్లు కొట్టడం మొదలుపెడితే అందరూ అందుకున్నారు. లైల్ చాప చుడుతూ ఉండిపోయాడు, అది ఎప్పుడో చుట్టేసి ఉంది.

ట్రక్కు దగ్గర మెర్ల్ ఆయన్ని పట్టుకున్నాడు. మెడ మీద మట్టి, జుట్టు నిండా గడ్డి. స్కోరు నూట అరవై ఒకటి.

"నాకు ఒక్క రోజుకే పళ్లు కదులుతున్నాయి," అన్నాడు. "అరవై ఒక్క సార్లు ఎలా పడుకున్నావురా?"

"బ్రేకులవాళ్లు మంచోళ్లు. అయిపోగానే లేచి, 'మీకు ఇబ్బందైంది, క్షమించండి' అంటారు. నీ పక్కన యాభై ఏళ్లుగా పడుకుంటున్నాను, ఒక్కసారైనా అన్నావా?"

దూరంగా ట్వైలా తన బండి ఎక్కుతూ ఇద్దరికీ చెయ్యి ఊపింది.

"నాకూ క్షమాపణ చెప్పిందిలే ఆవిడ," అన్నాడు మెర్ల్. "రెండుసార్లు చెప్పింది." చెవులు ఎర్రబడ్డాయి, పేలుడుకో దేనికో తెలియలేదు. "సర్లే. జనవరి గడి కోసం కొట్టుకుంటున్న ఆ ఇద్దరికీ చెప్పు, అది నాకు కావాలి."