చింతపండుతో తోమిన ఇంగ్లండు టీపాట్

ఆ శుక్రవారం నాకు డ్యూటీ లేదు. గల్ఫ్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా గది మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే అక్క ఫోన్ చేసింది. తోడబుట్టిన అక్క కాదు. నాది జగిత్యాల, ఆమెది కోనసీమ. మా వీధి చివరి విల్లాలో ఇంటిపని చేస్తుంది.

“తమ్ముడూ, ఓసారి రావా? నా ఉద్యోగం ఊడేలా ఉంది.”

నేను వెళ్లేసరికి విల్లా వంటింటి బల్ల మీద యజమానురాలు మేడమ్ గారి వెండి టీపాట్ ఉంది. ఆవిడ అమ్మమ్మ కాలం కన్నా పాతదట. చుట్టూ చైనా బొమ్మలు చెక్కి ఉండేవి: గొడుగు పట్టిన మీసాల మనిషి, వంతెన, పొడుగు తోక పిట్ట. చైనా ముఖం చూడని ఇంగ్లండు కంసాలి ఊహించి చెక్కినవని మేడమ్ చెప్పేదట. ఇప్పుడు పాత్ర అద్దంలా మెరుస్తోంది. బొమ్మలు లేవు.

“నల్లబడిందని చింతపండులో నానబెట్టి, విభూతితో తోమాను. దేవుడి సామాను అలాగే కదా తోముతాం!”

“మరి బొట్టు పెట్టలేదా అక్కా?”

“నేనేడుస్తుంటే నీకు ఎటకారమా?”

మేడమ్ సాయంత్రం విమానం దిగుతుంది.

వేలితో తడిమాను. గీతలు తగిలాయి. వాటిలోని నలుపే పోయింది. సిత్రాలోని ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిచేయడం నా పని. వెండిని నల్లబరిచేది గంధకమని డిప్లొమాలో చదివాను. వంటింట్లో గంధకం ఎందులో ఉంది? ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు. గుడ్డే నయం.

ఉడికించిన గుడ్లు చిదిమి, టీపాట్‌తో పాటు పెద్ద డబ్బాలో పెట్టి మూత బిగించాను. కూర్చోలేకపోయాను. కిటికీ, డబ్బా, గడియారం, మళ్లీ డబ్బా.

“మూత తియ్యొద్దని నాకు చెప్పి నువ్వు చేసేదేంటి?” అంది అక్క.

మధ్యాహ్నానికి వెండి గోధుమరంగు దాటి నల్లబడింది. మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే నలుపు గీతల్లో నిలిచింది. వంతెన వచ్చింది, పిట్ట వచ్చింది, గొడుగు వచ్చింది. మనిషికి మీసం మాత్రం రాలేదు.

“అది మీసమా! మరకనుకుని స్టీలు పీచుతో రుద్దేశాను.”

“మేడమ్‌కి నువ్వే చెప్పక్కా. దాస్తే ఇంకా గలీజైతది.”

“పంపేస్తే?”

గదికి వచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. చీకటి పడుతుండగా మోగింది.

“చెప్పేశాను. చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక వెండి ముట్టుకోవద్దంది.”

“ఉద్యోగం సంగతి చెప్పక్కా!”

“రేపటికి చేపలు తెమ్మంది. గుడ్లు కూడా.”