బొట్టు పెట్టి పిలిచిన ఇంటర్నెట్ సభ

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే తలలో కనీసం నాలుగు తెల్ల వెంట్రుకలైనా ఉండాలట. నాకు మూడే ఉన్నాయి (నాలుగోది మొన్ననే పీకేశాను). అయినా మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో, లోకంలో ఏ కష్టమైనా ఒక మంచి ఫారం తయారుచేస్తే తీరిపోతుందని నాకు గట్టి నమ్మకం. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం నడుపుకునే ఇంట్లో పుట్టి, కంప్యూటర్ చదువు చదివి, అందరిలా హైదరాబాద్ బస్సెక్కకుండా సుబేదారిలో రెండు గదుల స్వచ్ఛంద సంస్థలో చేరాను. నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా బాపు దుకాణానికి వచ్చిన వాళ్లకు చెప్పలేక, "ఏదో సర్కారోళ్లను అడిగే ఆఫీసట" అని సర్దుకునేవాడు. (ఇన్నేళ్లయినా నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.)

చేరిన ఆరు నెలలకు మా మేడం ఒక చర్చాసభ బాధ్యతంతా నా చేతిలో పెట్టారు. 'అందరినీ కలుపుకునే, హక్కులను గౌరవించే డిజిటల్ నెట్‌వర్కులు' అని దాని పేరు. బ్యానరులో రెండు వరుసలు రాసినా పట్టలేదు. ఫోను లేనివాళ్లు, సిగ్నల్ అందనివాళ్లు, వేలిముద్ర మిషన్ గుర్తుపట్టనివాళ్లు తమ గోడు తామే ఆఫీసర్ల ముందు చెప్పుకోవాలని ఉద్దేశం. నేను రెచ్చిపోయి ఇరవై నాలుగు ప్రశ్నలతో ఆన్‌లైన్ ఫారం తయారుచేశాను. హక్కులను గౌరవించాలి కదా అని మూడు చోట్ల సమ్మతి కూడా అడిగాను. వారం తిరిగేసరికి అరవై మంది నింపారు. (అందులో ఇద్దరు ఇది ఉద్యోగ ప్రకటన అనుకున్న మా చుట్టాలు.) 'మీకు ఇంటర్నెట్ అందుబాటులో ఉందా?' అన్న ప్రశ్నకు అరవై మందీ ఉందనే రాశారు. ఆ సంగతి మేడంకు ఎంతో సంబరంగా చెప్పాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "లేనోళ్లు ఈ ఫారం ఎట్ల నింపుతరమ్మా?" అన్నారు. "శనివారం నాడు ఆ లేనోళ్లు ఓ పదిమందన్న రాకుంటే మీటింగ్ కాన్సిల్. ఉన్నోళ్లం ఉన్నోళ్లతోటి మాట్లాడుకునుడు నాకొద్దు." నా మొదటి సభ మొదలుకాకుండానే ముగిసేలా ఉంది. ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువగా పంతం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పల్లెవెలుగు బస్సెక్కి రఘునాథపల్లి దాటాక ఉన్న ఒక ఊరికి వెళ్లాను. రేషన్ షాపు ముందు వరుసలో నిలబడ్డ ఆడవాళ్లకు కరపత్రాలు పంచి, అరగంట ఉపన్యాసం దంచాను. ఆ వరుసలోనే ఒక పెద్దమ్మ ఉంది. మూడు నెలలుగా మిషన్ ఆమె వేలిముద్ర తీసుకోవడం లేదు, బియ్యం రావడం లేదు. అయినా ప్రతిసారీ వచ్చి నిలబడుతోంది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా, వస్తం తియ్యి" అంది. అందరూ అదే మాటన్నారు. ఇరవై పేర్లు రాసుకుని విజయగర్వంతో ఇంటికొచ్చాను.

అమ్మ అన్నం పెడుతూ సంగతంతా విని ఒకటే అడిగింది. "బొట్టు పెట్టినవా?"

"మీటింగుకు బొట్టేందమ్మా?"

"తొవ్వల నిలవడి చెప్తె ఎవలొస్తరే? ఇంటింటికి పోవాలె, బొట్టు పెట్టాలె."

ఇరవై ఒకటో శతాబ్దం గురించి అమ్మకు ఒక ఉపన్యాసం ఇచ్చి పడుకున్నాను. తెల్లారాక, వస్తున్నారో లేదో కనుక్కుందామని ఆ ఊళ్లో వాళ్ల వాడకంతా ఉన్న ఒక్క ఫోనుకు చేస్తే, పెద్దమ్మే మాట్లాడింది. "చెప్పినవు గని బిడ్డా, పిలువలేదు గద. పిలువని కాడికి ఎట్లస్తం?" అంది. ఆ గొంతులో అలక లేదు, ఉన్న మాట చెబుతున్నట్టే ఉంది. ఫోను పెట్టేసి అమ్మ వైపు చూశాను. అమ్మ కుంకుమ భరిణె తెచ్చి నా సంచిలో పెట్టింది. (ఏదన్నా అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.)

బొట్టు పెట్టి పిలవడంలో ఉన్న తిరకాసు వాడలోకి వెళ్లాక గానీ తెలియలేదు. ఒక ఇంటికి పెట్టి పక్కింటిని వదిలేస్తే తగవు. ఇరవై పేర్లకని వెళ్లినదాన్ని నలభై ఇళ్లు తిరిగాను. "పెండ్లెవలది?" అని ఒకామె. పెండ్లి కాదు, నెట్టు గురించి మీటింగ్ అంటే, "బువ్వ పెడ్తరా మరి?" అంది. చాయ్ బిస్కెట్ అనుకున్న సభకు అక్కడికక్కడే భోజనాలు ప్రకటించేశాను. పిలవడానికి వచ్చిన మనిషి ఉత్తగా పోకూడదని పదకొండు ఇళ్లలో చాయ్ తాగించారు. పన్నెండో గడప ఎక్కుతూనే, చాయ్ మాత్రం వద్దని ముందే దండం పెట్టేశాను.

చివరిది పెద్దమ్మ ఇల్లు. కుంకుమ తీసి ముందుకు వంగితే, ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకొద్దు బిడ్డా. మా ఆయన పోయి పన్నెండేండ్లాయె. నన్నెవలు బొట్టు పెట్టి పిలువరు. నోటితోటి చెప్పు, చాలు."

వేలిమీద కుంకుమతో అలాగే నిలబడిపోయాను. అందరినీ కలుపుకునే సభ అని ఊరంతా చాటుతున్నాను, నా చేతిలో ఉన్న పిలుపే ఈవిడను బయట నిలబెడుతోంది. సిగ్గేసింది. ఫారంలో మూడు చోట్ల సమ్మతి అడిగినదానికి ఇక్కడ ఎలా అడగాలో తోచలేదు. చివరికి, "నువ్వు వద్దంటే పెట్టను పెద్దమ్మా. నిన్ను పిలువక మాత్రం పోను. ఎట్ల పిలువాల్నో నువ్వే చెప్పు" అన్నాను. ఆమె వాడ ఇటు చూసింది, అటు చూసింది. కొంగుతో నుదురు తుడుచుకుని తల ముందుకు వంచింది. బొట్టు కాస్త వంకరగా పడింది.

శనివారం పదకొండున్నరైనా హాల్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లే ఉన్నారు. మేడం గడియారం చూస్తున్నారు, నేను మేడంను చూస్తున్నాను. అప్పుడు బయట ఒక డీసీఎం వ్యాను ఆగింది. పదిమంది కాదు, ముప్పై మందికి పైగా దిగారు. అమ్మ వండిన పులిహోర సరిపోతుందా అన్నది నాకు ముందు వచ్చిన ఆలోచన. ఏడ్చింది ఆ తర్వాతే.

పెద్దమ్మ మైకు పట్టుకుంది. "ఈ వేళ్లతోటి నలభై ఏండ్లు నాట్లేసిన సార్. గీతలన్ని మడిల్నే అరిగినయి. డీలరుకు నేనెరుకే, వాళ్ల నాయిన నాకెరుకే. మిషినే, నువ్వెవలవంటాంది."

వేదిక మీది పౌరసరఫరాల ఆఫీసరు నొచ్చుకుని, "ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండమ్మా, చూస్తాం" అన్నాడు. హాలంతా నవ్వింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "మీరు పిలిస్తె మేమొచ్చినం. ఇగ మేం పిలుస్తానం, మీరు రావాలె" అని నా వైపు తిరిగి, "ఆ భరిణెటియ్యి బిడ్డా" అంది. మెట్లెక్కి వెళ్లి, అందరూ చూస్తుండగా ఆయన నుదుట నిండుగా బొట్టు పెట్టింది. "బుధారం పొద్దుగాల మా రేషన్ షాపు కాడికి రాండ్రి. చాయ్ తాగి పోదురుగని."

నేను పంపిన ఆరు ఈమెయిళ్లకు జవాబివ్వని మనిషి ఆయన. కానీ ఈ మట్టిలో పుట్టినవాడే. "బొట్టు పెట్టినంక రానని ఎట్లంటమమ్మా" అన్నాడు మెల్లగా. బుధవారం వచ్చాడు. ఆయన కళ్లముందే మిషన్ ఏడుసార్లు ఆమెను కాదంది. ఎనిమిదోసారి పెట్టనివ్వకుండా, వేలిముద్ర పడనివాళ్లకు పుస్తకంలో రాసి ఇవ్వమని డీలరుకు చెప్పి, ఆ బియ్యం సంచి తానే ఎత్తి ఆమె చేతికిచ్చాడు.

ఇప్పుడా రెండు గదుల ఆఫీసు నా మీదే నడుస్తోంది. మేడం కుర్చీలో నేను కూర్చుంటున్నాను, సభలు ఏటా జరుగుతూనే ఉన్నాయి. నా ఫారంలో ఇప్పుడు నాలుగే ప్రశ్నలు. మోకాళ్ల నొప్పులని, టైము లేదని, ఈమధ్య నేనూ చాలాసార్లు ఫోన్లతోనే సరిపెడుతున్నాను. అలా సరిపెట్టిన రోజున, పదకొండు చాయ్‌లు తాగి పన్నెండో గడప ఎక్కిన ఆ మొండి పిల్ల గుర్తొస్తుంది. దానికి ఏమీ తెలియదు పాపం. తెలియదు కాబట్టే అంత దూరం నడిచింది.