మిలిటరీ తాత పొడుగు చేతుల చొక్కా

సోమవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "మన మిలిటరీ తాత పోయిండు బిడ్డా" అంది. ముందు నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఎండాకాలంలో కూడా మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా.

మర్రిగూడలో ఆయనదీ మాదీ పక్కపక్క ఇళ్లు. సైన్యంలో ఉండగా మంచుకొండల్లో మొదలైన సోరియాసిస్‌తో చేతుల నిండా పొట్టు రాలేది. ఊరు దాన్ని అంటురోగం అనుకుంది. హోటల్లో ఆయన చాయ్ గ్లాసు వేరు. తాగి, తానే కడిగి బోర్లించి వచ్చేవాడు.

సైన్యం మెడికల్ బోర్డు వైకల్యం పదిహేను శాతమే వేసింది, జబ్బుకు సర్వీసు కారణం కాదంది. ఇరవైకి తగ్గితే వైకల్య పింఛను రాదు. ఆయన దిగులు మాత్రం వేరు. "డ్యూటీల వచ్చిందని కాగితం చెప్తే, ఊరు నమ్ముతది బిడ్డా."

అప్పీలు రాయడానికి నేను కూర్చున్నాను. అప్పట్లో పది నిమిషాలు కుదురుగా ఉండని మనిషిని.

"బోర్డుకు ఎట్ల పోయినవ్ తాతా?"

"ఎనిమిది దినాలు నూనె పట్టిచ్చిన. ఇస్త్రీ చొక్కా తొడిగిన. ఆఫీసర్ల ముందట పొట్టు రాల్చుకుంట నిలబడ్తనా?"

"మరి రోగం వాళ్లకేడ కనబడ్తది?"

తాత చాలాసేపు నవ్వాడు.

నేను 'తీవ్రమైన బాధ' అని రాస్తే కొట్టేయించాడు. "పెద్ద మాటలొద్దు, ఉన్న మాట రాయి. ఈ చేతులతోటి మనుమరాలికి బువ్వ కలిపి పెట్టనని రాయి." ఇప్పటికీ ఏం రాసినా ఆ మాట నా చెయ్యి పట్టుకుంటుంది.

రెండోసారి బోర్డుకు నూనె రాయకుండా వెళ్లాడు. తోడు నేనే. గది గుమ్మంలోనే మణికట్టు గుండీలు విప్పుకున్నాడు.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. ముప్పై శాతం, సర్వీసు వల్లనే. తాత చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నన్ను వెంటబెట్టుకుని హోటల్‌కు నడిచాడు. నేను కాగితం చదివి, ఇది అంటురోగం కాదని చెప్పాను.

"గిది అంటుకోదా? గిన్నేండ్లు చెప్పకపోతివి" అన్నాడు హోటలాయన.

"నువ్వు అడగకపోతివి."

ఆ రోజు చాయ్ అందరి గ్లాసుల్లోంచే ఒకదాంట్లో వచ్చింది. తాగాక, అలవాటుకొద్దీ తాత కడగడానికి లేచాడు. "ఉండనియ్" అని హోటలాయన ఆ గ్లాసు చేతిలోంచి తీసుకున్నాడు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన చివరిసారి విడిచిన చొక్కా ఇంకా మేకుకే ఉంది. చేతులు మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.