వినీల మర్చిపోయిన కుర్చీలు

వినీలకి కుర్చీ లేకపోతే బుర్ర పనిచెయ్యదు. అదేదో సింహాసనం అనుకునేరు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వేసే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఏ స్థలం చూడ్డానికి వెళ్ళినా దాన్ని వెంట తీసుకెళ్ళాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో కూర్చోవాలి. నీడ జరిగినప్పుడల్లా కుర్చీ జరపాలి. జరిపిన చోటల్లా దాని కాళ్ళ చుట్టూ ముగ్గుపిండి పోసి, పక్కన టైము రాయాలి. అప్పటిదాకా పెన్సిల్ ముట్టుకోదు. ఆ కుర్చీని మోసిన స్కూటర్ నాది కాబట్టి, ఈ సంగతులు చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

నా పేరు ఐజాక్. రాజమండ్రిలో జానకీదేవి మేడం గారి ఆఫీసులో ఇరవయ్యారేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాలేజీలు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్ళు కట్టినప్పుడు గోడల బయట మిగిలిన నేలంతా ఏం చెయ్యాలో మేడం గారు ప్లాను వేస్తారు. చెట్లు ఎక్కడ, దారులు ఎక్కడ, వాననీళ్ళు ఎటు పోవాలి, అదంతా మా పని. దీన్ని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటారని మా ఆవిడ హెలెన్‌కి పాతికేళ్ళుగా చెబుతున్నాను. ఆవిడ మాత్రం చర్చిలో ఎవరడిగినా, మా ఆయన నర్సరీలో పనిచేస్తారనే చెబుతుంది.

వినీల ఆ చదువే విజయవాడలో చదివింది. చివరి ఆరు నెలలు ఏదైనా ఆఫీసులో ట్రైనింగ్ చెయ్యాలని మా దగ్గరికి వచ్చింది. సొంతూరు పెద్దాపురం. వాళ్ళ నాన్న విజయ్ పాల్ మాస్టారు, నేనూ ఒకప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నాం. ఆ చనువుతో నన్ను మొదటి రోజే అంకుల్‌ని చేసేసింది, రెండో రోజు కుర్చీ మోయించింది.

ఆ మొదటి సైటు ద్రాక్షారామం దారిలో ఒక కాలేజీ. ముందు ఆవరణలో చెట్లు వెయ్యాలి. నేనైతే అరగంటలో టేపు పెట్టి కొలిచేసి, దగ్గర్లో ఎక్కడ పెసరట్టు బాగుంటుందో కనుక్కునేవాణ్ణి. ఈ పిల్ల మాత్రం గేటుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తొమ్మిదయింది, పదయింది, పదకొండయింది, కదల్లేదు. చుట్టూ ముగ్గుపిండితో తెల్లటి గీతలు. పన్నెండింటికి ప్రిన్సిపాల్ గారు కంగారుపడుతూ వచ్చారు. వెనకాల ఇద్దరు లెక్చరర్లు, ఒకాయన చేతిలో నిమ్మరసం గ్లాసు.

"చూడమ్మా, ఏదున్నా కూర్చుని మాట్లాడుకుందాం. ముందు ఈ నిమ్మరసం తాగి దీక్ష విరమించు" అన్నారాయన.

వినీల ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేసి, చాలా బాగుందండి, ఇంకోటి దొరుకుతుందా అని అడిగింది. దీక్ష విరమించినట్టు ఒక లెక్చరర్ గారు ఫొటో కూడా తీసుకున్నారు. ఆ ఫొటో వాళ్ళ గ్రూపుల్లో తిరిగీ తిరిగీ పెద్దాపురంలో మాస్టారి ఫోనుకి చేరింది. ఆయన సాయంత్రం నాకు ఫోన్ చేసి, మా అమ్మాయి దేనికోసం పోరాడుతోంది ఐజాక్ అని అడిగారు.

స్కూటర్ మీద మా ప్రయాణం చూసి తీరవలసిందే. వెనక వినీల, వినీల నెత్తిమీద బోర్లించిన కుర్చీ, దాని నాలుగు కాళ్ళూ ఆకాశానికి. ధవళేశ్వరం దగ్గర ఒకసారి కానిస్టేబుల్ ఆపాడు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలి కదండి అన్నాడు. కుర్చీ తీసి చూపించింది, దాని కింద హెల్మెట్ ఉంది. అతను హెల్మెట్ వదిలేసి కుర్చీని తిప్పి చూశాడు. మీది సప్లై కంపెనీయా అండి, మా మేనకోడలి పెళ్ళికి మూడొందల కుర్చీలు కావాలి అంటూ నా నంబరు తీసుకున్నాడు. ఇప్పటికీ ముహూర్తాల సీజనొస్తే ఫోన్ చేస్తాడు.

ఒక ఆదివారం మా ఆవిడ వినీలని భోజనానికి పిలిచింది. కోడికూర ఉడికేలోపు ఆ పిల్ల పెరట్లో కుర్చీ వేసి నాలుగుచోట్ల కూర్చుని చూసింది. మీ బట్టల తీగ నీడలో ఉంది, అంకుల్ మంచం ఎండలో ఉంది, రెండూ మార్చెయ్యండి ఆంటీ అంది. మా ఆవిడ వెంటనే మార్చేసింది. మార్చాక ఆ నీడ ఎంత చల్లగా ఉందో ఆవిడకే తెలిసొచ్చింది. అప్పటినుంచి ఆ మంచం ఆవిడది.

ఇంతవరకూ సర్దుకున్నాను. నాకు ఒళ్ళు మండేది ఇంకో విషయానికి. ఈ పిల్ల ఏ సైటుకి కుర్చీ తీసుకెళ్ళినా తిరిగి తీసుకురాదు. పని అవ్వగానే స్కూటరెక్కేస్తుంది. సగం దూరం వచ్చాక నాకు వీపు ఖాళీగా తగులుతుంది.

"కుర్చీ ఏదమ్మా?"

"అయ్యో, మర్చిపోయానంకుల్."

వెనక్కి వెళ్దామంటే, చీకటి పడిపోతుందంకుల్, రేపు కొత్తది కొనుక్కుంటాను అనేది. ఒకటి కాదు రెండు కాదు, ఏప్రిల్ నాటికి ఏడు కుర్చీలు మర్చిపోయింది. కొమ్మలూ కొలతలూ ఇంచులతో సహా గుర్తుపెట్టుకునే పిల్లకి, నాలుగు కాళ్ళున్న ఎర్రటి వస్తువు గుర్తుండదా అని నేను రోజూ క్లాసు పీకేవాణ్ణి. చివర్లో నా అనుభవసారం కూడా చెప్పేవాణ్ణి. కుర్చీ కాదమ్మా, ముందు ఉత్తరం చూసుకో, మన పనిలో ఉత్తరం తప్పితే అంతా తప్పే అని. అలాగే అంకుల్ అంటూ ముగ్గుపిండి డబ్బా మూత పెట్టుకునేది.

ఇలా ఉండగా కృష్ణంరాజు గారి ఫంక్షన్ హాలు వచ్చింది. రాజుగారిది భీమవరం దగ్గర. వందెకరాల రొయ్యల చెరువులు, రెండు ఐసు ఫ్యాక్టరీలు. తణుకు వెళ్ళే దారిలో హాలు కడుతున్నారు. మేడం గారు వినీలని పిలిచి, ఈ ప్లాను నువ్వే వెయ్యమ్మా, ఆయన ఒప్పుకున్నారంటే జూన్ నుంచి నువ్వు మా ఆఫీసులో ఉద్యోగివి, లేకపోతే నేను తీసుకోలేను అన్నారు. అటు పెద్దాపురంలో మాస్టారు గ్రూప్ టూ కోచింగ్‌లో సీటు మాట్లాడి ఉంచారు. ఈ చెట్లూ కుర్చీలూ అయ్యాక బుద్ధిగా చదువుకుంటావుగా అని వారానికోసారి ఫోన్ చేసి అడుగుతున్నారు. వినీల నవ్వేసి ఊరుకునేది గానీ, ఆ ఫోన్ వచ్చిన రోజు టిఫిన్ బాక్సు సగం నా బల్ల మీదికే వచ్చేసేది. రాజుగారు సరేనంటే తనకి ఇష్టమైన పని, కాదంటే గ్రూప్ టూ. ఇంతే సంగతి.

ఎనిమిదో కుర్చీతో ఆ సైటులో అయిదు రోజులు కూర్చుంది. ఎండ నలభై రెండు. పునాదులు తడపడానికి లోవమ్మ అనే ఆవిడ ఉండేది. పొద్దున్నుంచీ పైపు పట్టుకుని నిలబడే ఉంటుంది. వినీల ఆవిడతో కబుర్లు చెబుతూ, ముగ్గుపిండి పోసుకుంటూ, వంటశాల వెనకున్న నిద్రగన్నేరు చెట్టు కిందకే మళ్ళీ మళ్ళీ వచ్చేది.

రాజుగారికి చూపించే రోజు వచ్చింది. పొద్దున్నే వినీల బస్సెక్కి సైటుకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పెన్సిల్‌తో గీసిన బొమ్మని కంప్యూటర్లో శుభ్రంగా తీర్చి ప్రింటు తీసి తేవలసిన పని నాది. తీశాను, మేడం గారి కారులో తెచ్చాను, రాజుగారి ముందు బల్ల మీద పరిచాను. మధ్యాహ్నం మూడయింది.

రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏవండి మేడం గారూ, ఫౌంటెన్ నైరుతిలో పెట్టారేంటండి?"

నైరుతిలో నీళ్ళంటే మా జిల్లాల్లో శత్రువు ఇంటికి కూడా ఎవరూ పెట్టరు. మేడం గారి ముఖం పాలిపోయింది. రాజుగారు అక్కడితో ఆగలేదు. నలభయ్యేళ్ళు చెరువుగట్ల మీద తిరిగిన మనిషి, ఎండ ఎటుంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"పోనీ రోడ్డుని బట్టి చూసినా, మధ్యాహ్నం మూడింటికి చెట్ల నీడ పడమటికి పడిందండి. మా హాల్లో సూర్యుడు అటునుంచి ఇటు తిరుగుతాడాండి?"

నాకు అప్పుడు వెలిగింది. నేను ఎప్పుడూ రోడ్డుని కాగితం కింది అంచున పెట్టి గీస్తాను. ద్రాక్షారామం దారిలో కాలేజీకి రోడ్డు పడమర. ఇక్కడ రోడ్డు తూర్పు. ఆ కాలేజీ ప్లాను కాగితాన్ని అంచులతో సహా తెచ్చి ఇక్కడ అతికించాను. ఉత్తరం చూపించే బాణం దానితోపాటే వచ్చేసి తలకిందులుగా కూర్చుంది. కంప్యూటరు ఆ బాణాన్ని నమ్మి నీడలన్నీ అటువైపు వేసేసింది. ఆరు నెలలుగా ఉత్తరం, ఉత్తరం అని ఆ పిల్ల బుర్ర తిన్నవాణ్ణి నేనే.

"బాణం ఎవరు పెట్టారు?" అన్నారు మేడం గారు నెమ్మదిగా.

నేను నోరు తెరిచేలోపే వినీల అంది, "నేను చూసుకోలేదండి మేడం." నా వైపు చూడను కూడా చూడలేదు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. తర్వాత రాజుగారి వైపు తిరిగి, "కాగితంలో తప్పొచ్చిందండి, నేల మీద సరిగ్గానే ఉంది. ఒక్కసారి వచ్చి కూర్చుంటారా అండి?" అంది.

తీసుకెళ్ళి నిద్రగన్నేరు పక్కన, మూడు గంటలు అని ముగ్గుపిండితో రాసిన చోట ఎర్ర కుర్చీ వేసింది. కాళ్ళు నాలుగూ గీతల్లో సరిగ్గా కూర్చున్నాయి. నీడ తూర్పుగా, సరిగ్గా కుర్చీ మీద. చేపల చెరువుల మీంచి గాలి. రాజుగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఫౌంటెన్ ఈశాన్యంలోనే వస్తుందండి, అదిగో అక్కడ అంటూ వినీల చెయ్యి చూపించింది. వాననీళ్ళు ఎటు పోతాయో చెప్పింది. రాజుగారు తలాడిస్తున్నారు. కాసేపటికి తల ఆడడం ఆగింది. తర్వాత చిన్నగా గురక మొదలైంది.

ఎవరు లేపుతారు? ఆయన జేబులో ఫోన్ నాలుగుసార్లు మోగింది. మేడం గారూ, నేనూ, ఆయన డ్రైవరూ ఎండలో వరసగా నిలబడ్డాం. అయ్యగారికి మాత్రలేసుకున్నా నిద్ర పట్టదండి అని డ్రైవరు నా చెవిలో గుసగుసలాడాడు. వినీల మాత్రం మూడున్నర అని చూసుకుని, అలవాటుకొద్దీ ముగ్గుపిండి డబ్బా తీసింది. రాజుగారిని కుర్చీతో సహా జరుపుతుందేమోనని నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ముప్పావుగంట తర్వాత ఆయనకి మెలకువ వచ్చింది.

"ఏసీ లేకుండా కునుకు తీసి పదేళ్ళయిందండి" అన్నారు. చుట్టూ చూసుకుని, "ఇక్కడ ఏం కడుతున్నావమ్మా?" అని అడిగారు.

"ఏమీ కట్టమండి. రెండు పొడుగాటి అరుగులు. వంటవాళ్ళూ గిన్నెలు తోమేవాళ్ళూ కాసేపు కూర్చుంటారని."

"ఇక్కడ జనరేటర్ పెట్టమన్నాను గదా."

"జనరేటర్‌కి నీడ అక్కర్లేదండి."

రాజుగారు తలెత్తి చెట్టుకేసి చూశారు. తర్వాత పెద్దగా నవ్వి, జనరేటర్‌ని అటు పడమటి గోడకి తోసెయ్యండి, ప్లాను ఖాయం, కాగితం మాత్రం ఇంకోటి గీయించండి అన్నారు. మేడం గారు అక్కడికక్కడే వినీలకి షేక్‌హ్యాండిచ్చి, జూన్ ఒకటిన వచ్చెయ్యమన్నారు. ఆ పిల్ల మాస్టారికి ఫోన్ చేసి ఏడుస్తూ నవ్వుతూ ఏం చెప్పిందో మాకెవరికీ అర్థం కాలేదు గానీ, ఆయనకి అర్థమైందట.

అందరం కారెక్కాం. కారు గేటు దాటుతుంటే నాకు వీపు ఖాళీగా తగిలింది. ఈసారి వదలదల్చుకోలేదు. ఆపండి మేడం అని దిగి, పరుగున వంటశాల వెనక్కి వెళ్ళాను.

కుర్చీలో లోవమ్మ కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ చాపుకుని, పైపు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు ఇటుకల మీదికి వదులుతోంది. నన్ను చూసి గభాల్న లేచింది.

"నేను అడగలేదండి. కుర్చీ మర్చిపోతున్నారమ్మగారూ అని వెనకాలే పరిగెత్తి చెప్పానండి. నువ్వు గుర్తు చెయ్యకు లోవమ్మా, నేను మర్చిపోయాను అన్నారండి."

కూర్చోమన్నాను. ఆయ్ అంటూ కూర్చుంది.

తర్వాతి వారం కాలేజీ మొక్కలు చూడ్డానికి వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ అచ్చిబాబు ఎర్ర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆర్నెల్లుగా అదే గేటులోంచి వెళ్ళి వస్తూ, మొక్కలకి నీడ సరిపోయిందా అని చూశాను గానీ మనిషిని చూడలేదు. మిగతా ఆరు కుర్చీల సంగతి వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేకపోయింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. వినీలతో మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు లోవమ్మ దగ్గర్నుంచి వట్టి చేతులతో వచ్చి కారెక్కినప్పుడు కూడా ఎప్పటిలాగే, మళ్ళీ కుర్చీ మర్చిపోయావా అని గదమాయించాను. ఎప్పటిలాగే, అయ్యో అవునంకుల్ అంది.

జూన్ ఒకటిన ఆఫీసు మెట్లు దిగి స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి వినీల ఆగిపోయింది. వెనక సీటు అవతలున్న క్యారియర్‌కి తాడుతో ఒకదాని మీద ఒకటి కట్టి రెండు ఎర్ర కుర్చీలున్నాయి.

"రెండెందుకంకుల్?"

"ఒకటి కూర్చోడానికమ్మా, ఒకటి మర్చిపోడానికి" అన్నాను. "ఎక్కు. ముందు ఉత్తరం ఎటుందో నువ్వే చెప్పు."