అటూ ఇటూ ఎన్సియో

ఎన్సియోకి ఒక అంకె చెప్పి, ఆ తర్వాత ప్రశాంతంగా కాఫీ తాగిన మనిషి మా తాంపెరే ఊళ్ళో ఇంతవరకు లేడు. మీరు ఏ అంకె చెప్పినా సరే, ఆ సన్నటి ముక్కు ముందుకు చాచి ఒకటే అడుగుతాడు: "అటూ ఇటూగా ఎంత?" అంటే ఆ అంకె ఎంత తప్పి ఉండొచ్చని.

బస్సు పదింటికి వస్తుందన్నామా, అటూ ఇటూగా ఎంత? మా అమ్మకి తొంభై ఏళ్ళన్నామా, అటూ ఇటూగా ఎంత? మా చెల్లెలి పెళ్ళిలో పాస్టరు "మీరిద్దరూ ఇక ఒక్కటే" అన్నప్పుడు కూడా వెనక వరసలోంచి ఏదో గొణుగుడు వినబడింది. ఎవరిదో వేరే చెప్పాలా!

పోయిన వేసవిలో సరస్సులో నాకు పెద్ద పైక్ చేప పడింది. జన్మకి ఒక్కసారి పడే చేప. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎన్సియో కూడా వచ్చాడు, నా ఖర్మ.

"ఆరు కిలోలు!" అన్నాను.

"దేంతో తూచావు?"

"నా త్రాసుతో."

"నీ త్రాసు నిజమే చెబుతోందని ఎవరన్నారు?"

"త్రాసు మీదే కనబడుతోందిగా!"

"దొంగతనం చేశావా అని దొంగనే అడుగుతావా?"

పరుగున ఇంటికెళ్ళి తూనికరాయి తెచ్చాడు. ఆ రాయిని తన ఆఫీసు రాయితో, ఆఫీసు రాయిని దేశం మొత్తానికి పెద్దదైన రాయితో సరిచూశారట. పెళ్ళి సంబంధానికి కూడా ఎవరూ అంతగా వంశం వెతకరు. నా చేప ఐదు కిలోలకు దిగింది. నెల రోజులు నేను అతనితో మాట్లాడలేదు. అతను గమనించనే లేదు.

అతని ఉద్యోగమే అది. ఊళ్ళో గాలిని కొలిచే యంత్రాలు అబద్ధమాడకుండా కాపలా కాయడం. ఇంత అని ముందే కచ్చితంగా తెలిసిన వాయువును వాటికి పట్టి, అంతే చెబుతున్నాయో లేదో చూస్తాడు. తక్కువ చెబితే కోపం, ఎక్కువ చెబితే ఇంకా కోపం. ఆ కోపాన్ని సాయంత్రం ఆఫీసులోనే వదిలి రావచ్చు కదా!

ఇక యార్కో సంగతి. యార్కో మా వరస ఇళ్ళ సంఘానికి అధ్యక్షుడు. చలికాలం మొదట్లో నెట్లో, గాలిలో పొగ ఎంతుందో ఫోనుకి చెప్పే ఒక బుల్లి డబ్బా కొని, పెరట్లోని మా ఉమ్మడి ఆవిరి స్నానాల గది, అదే సౌనా, దాని వరండా చూరుకి తగిలించాడు. ఆ సౌనాలో కట్టెల పొయ్యి వెలిగించేది ఇంపి మామ్మ. భర్త పోయాక ఆవిడకి పనీ, పండగా, బంధుబలగమూ అన్నీ ఆ శనివారపు పొయ్యే. కొన్నాళ్ళకే యార్కో మీటింగు పెట్టి, ఫోను అందరి ముక్కుల ముందూ ఆడించాడు. తెర మొత్తం ఎరుపు.

"నూట ఎనభై! ప్రతి శనివారం సాయంత్రం ఇదే వరస. ఇది గాలి కాదు, విషం! పొయ్యి పీకేసి కరెంటుది పెట్టిద్దాం. చేతులెత్తండి!"

ఇంపి మామ్మ బిక్కచచ్చిపోయింది. "పొయ్యి పోతే నాకింక శనివారం ఎందుకు బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఎర్ర రంగుతో వాదించేదెవరు? ఒక్కొక్క చెయ్యే లేస్తోంది. అప్పుడు వెనకనించి వినబడింది.

"అటూ ఇటూగా ఎంత?"

"అబ్బబ్బా!" అన్నాం అందరం.

"నూట ఎనభై అంటే నూట ఎనభయ్యే!" యార్కో అరిచాడు.

"దేంతో సరిచూశావు?"

"కొత్తదయ్యా! అట్టపెట్టె కూడా ఇంకా పారెయ్యలేదు!"

"కొత్త అబద్ధం పాత అబద్ధం కన్నా మంచిదా?" ఎన్సియో లేచి నిలబడ్డాడు. "ఒక మనిషి బతుకు తీసేసే అంకె అది. దానికి అమ్మా అబ్బా ఎవరో తెలీకుండా చేతులెత్తేస్తారా? సిగ్గులేదూ! ఒక్క శనివారం ఆగండి."

ఆ శనివారం ఆఫీసులో అడిగి ఒక యంత్రం తెచ్చి యార్కో డబ్బా పక్కనే బిగించాడు. పీల్చిన గాలిని ముందు వెచ్చజేసి, తడి ఆరబెట్టి, మిగిలిన పొగ నుసిని మాత్రమే కొలిచే యంత్రం అది. బయట ఎముకలు కొరికే చలి. మగవాళ్ళ వంతు. లోపల ఉడికి ఎర్రబడ్డ మేం, అలవాటు ప్రకారం నూలుపోగు లేకుండానే వరండా బల్ల మీద చల్లారడానికి కూర్చున్నాం. యార్కో సరిగ్గా తన డబ్బా కిందే కూర్చున్నాడు. అతని వీపు మీంచి ఆవిరి గుప్పున లేచింది. బల్ల మీది ఫోను ఎర్రబడింది.

"చూశారా!" అని ఎగిరాడు. ఎన్సియో యంత్రం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"లోపలికెళ్ళు," అన్నాడు ఎన్సియో. యార్కో వెళ్ళాడు. కాసేపటికి ఫోను ఆకుపచ్చకి తిరిగింది. "బయటికి రా." ఎరుపు. "లోపలికెళ్ళు." ఆకుపచ్చ.

"ఇంకోసారి."

"చలికి చస్తున్నానయ్యా!"

"ఒక్కసారి చూసింది కొలత కాదు, పుకారు. రా!"

చివరికి తీర్పు చెప్పాడు: "ఆ డబ్బాకి పొగకీ తడికీ తేడా తెలీదు. నీ విషం మామ్మ పొయ్యిలోంచి కాదు, నీ వీపు మీంచి వస్తోంది."

మేం నవ్వలేక బల్ల మీంచి మంచులో పడ్డాం. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే ఎన్సియో ఎందుకవుతాడు? "కానీ పొయ్యి రాజేసేటప్పుడు పొగ నిజంగానే వస్తోంది. నా యంత్రమే చెప్పింది," అన్నాడు.

నేను మండిపడ్డాను. "గెలిచావు కదా, ఇప్పుడెందుకయ్యా నోరు విప్పడం? అసలు నువ్వెవరి పక్షం?"

"సానెల్మాకి ఉబ్బసం," అన్నాడు మెల్లగా. సానెల్మా యార్కో భార్య. "వీడు ఆ డబ్బా కొన్నది పంతంతో కాదు, భయంతో. ఆ అమ్మాయికి ఊపిరి కావాలి, మామ్మకి పొయ్యి కావాలి. తప్పుడు అంకె పట్టుకుని కూర్చుంటే ఇద్దరిలో ఎవరినో ఒకరిని ముంచేస్తాం."

యార్కో తువ్వాలు చుట్టుకుని తల దించుకున్నాడు. ఇతనికి మనుషుల కన్నా అంకెలే ఎక్కువని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. అంకె కింద పడి మనిషి నలిగిపోతాడేమోనని అతని బెంగ అన్నమాట!

తప్పంతా మామ్మ కట్టెలది, అవి పచ్చివి. ఆ వారమంతా ఎన్సియో తన కొట్టంలో బాగా ఆరిన బర్చ్ కట్టెలు మోసుకొచ్చి ఆవిడ కొట్టంలో పేర్చాడు. నిప్పు కట్టెల కింద కాదు, పైన అంటిస్తే పొగ తగ్గుతుందని నేర్పాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ పొయ్యి రాజేస్తున్నాను, నాకే పాఠాలా!" అని ఆవిడ కసిరింది. కసిరి, పైనే అంటించింది.

తర్వాతి శనివారం స్నానాలయ్యాక అందరం కోట్లు కప్పుకుని వరండాలో కూర్చున్నాం. ఎప్పుడూ రాని సానెల్మా వచ్చింది. మెట్ల దగ్గర ఆగి, భయంభయంగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఎలా ఉంది?" అన్నాడు యార్కో.

"బాగుంది."

యార్కో చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్ళింది. మామ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. మేమంతా ఎన్సియో వంక చూశాం. ఇప్పుడు అడుగుతాడు, అడిగి తీరతాడు అనుకున్నాం. అతను బల్ల మీద పక్కకి జరిగాడు.

"రా అమ్మా, ఇలా కూర్చో," అన్నాడు.