పురిటి గదిలో పొత్రాలు

నాగులమ్మకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కిరోసిన్ కొంటే మూత తీసి వాసన చూసేది, పప్పు కొంటే త్రాసు పళ్ళెం తిరగేసి చూసేది. మొగుడు వెంకటయ్య పని నుంచి పెందలాడే వచ్చినా ఎందుకొచ్చావని నిలదీసేది. మాచర్ల అవతల మా పల్లెలో ఆమెను మోసం చేసిన కొట్టువాడు లేడు. ఆమె కూలికెళ్ళే నాపరాయి క్వారీలో మేస్త్రీ కూడా ఆమెతో ఆచితూచి మాట్లాడేవాడు. పక్కింటివాణ్ణి గనక నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి.

ఎనభైల మధ్యలో మా గుట్టల మీదికి సర్కారు జీపులొచ్చాయి. డేరాలు వేసుకుని, మిషన్లతో లోతుగా బోర్లు వేశారు. నీళ్ళ కోసమా అంటే కాదన్నారు. మరెందుకంటే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు పిన్నికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

బోరులోంచి గుండ్రటి రాతి ముక్కలు వచ్చేవి. మంచివి పెట్టెల్లో సర్దుకుని, విరిగినవి డేరా వెనక పారేసేవాళ్ళు. జానెడు పొడుగున, నున్నగా, పిడికిట్లో ఇమిడేట్టు ఉండేవి. ఆడవాళ్ళు ఊరుకుంటారా? సన్నికల్లు మీదికి పొత్రాలుగా తెచ్చుకున్నారు. నాగులమ్మ నల్లటివి రెండు ఏరుకొచ్చి, ఇంటిల్లిపాదికీ వాటితోనే కారం నూరింది. తొలి కాన్పుకి వచ్చిన కూతురు బుజ్జమ్మ ఆ కారమే తిన్నది.

బుజ్జమ్మకు ఆడపిల్ల పుట్టిన రెండో రోజే జీపు ఊళ్ళోకి వచ్చింది. ఈసారి కొత్త ఆఫీసరు. పారేసిన ముక్కలన్నీ తిరిగివ్వమని ఇంటింటికీ తిరిగాడు. ఎందుకో మాత్రం చెప్పడు.

"పారేసిన రాళ్ళ కోసం ఆఫీసరే తిరుగుతున్నాడంటే ఏందో ఉంది," అంది నాగులమ్మ. "కొల్లూరు వజ్రాలు మన నేలలోయే గదా."

"ఇచ్చెయ్యవే, మనకెందుకు?" అన్నాడు వెంకటయ్య.

"నువ్వు నోర్ముయ్."

పురుడు వెళ్ళేదాకా పరాయి మగవాడు బాలింత గది గడప తొక్కడు. అంతకన్నా భద్రమైన చోటు ఊళ్ళో లేదు. దిష్టికని మంచం కింద పెట్టిన కొడవలి పక్కనే, పాత చీర గుడ్డలో చుట్టి రెండు పొత్రాలూ దాచింది. పైన మంచం మీద తల్లీపిల్లా పడుకునేవాళ్ళు. మా ఇంట్లో రాళ్ళేవీ లేవని ఆఫీసరుకు చెప్పి పంపించేసింది.

నాలుగు రోజులకు అతను చిన్న పెట్టె ఒకటి పట్టుకుని మళ్ళీ వచ్చాడు. గోడల వెంట నడుస్తుంటే అది అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటోంది. పురిటి గది గోడ దగ్గరికి రాగానే మూకుట్లో పేలాలు వేగినట్టు చిటపటలాడింది.

"ఈ గదిలో ఎవరున్నారమ్మా?"

"నా కూతురు. బాలింత. మీరు రాగూడదు."

"పసిబిడ్డ కూడా లోపలే ఉందా?"

ఉందంది. అతని మొహం మారిపోయింది.

"ముందు బిడ్డను బయటికి తీసుకురండి. రాళ్ళ సంగతి తర్వాత."

నాగులమ్మ వెంటనే మనవరాలిని ఎత్తుకొచ్చింది. వెనకే బుజ్జమ్మ వచ్చింది. తర్వాత మూట తెచ్చి వాకిట్లో పెట్టింది. డ్రైవరు దాన్ని చేత్తో తాకలేదు, పట్టకారుతో ఎత్తి డబ్బాలో వేశాడు.

"ఏందయ్యా అది? దాంతోనే కారం నూరాను."

"ఏం కాదమ్మా. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ సన్నికల్లు మాత్రం వాడొద్దు."

యురేనియం కోసం తవ్వారని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆమె ఆ రాళ్ళను పసిగుడ్డు కింద దాచేదా? నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏం కాకపోతే, రాళ్ళకన్నా ముందు పిల్లను ఎందుకు తెమ్మన్నావయ్యా?" అని ఆ రోజే నాగులమ్మ నిలదీసింది.

ఆఫీసరు జీపెక్కాడు.

ఆ తర్వాత పిన్ని త్రాసులు తిరగేసి చూడటం మానేసింది. ఆమె అనుమానమంతా ఆ పిల్ల ఒంటి మీదికి చేరింది. పిల్ల కాస్త దగ్గినా, తిండి దగ్గర మారాం చేసినా, నాగులమ్మ కారం నూరిన తన కుడిచెయ్యి తిప్పి చూసుకునేది.