వణకని చెయ్యి

ఆనందకుమారి నర్సింగ్ చదవలేదు. భీమవరం నుంచి నోయిడా దగ్గరి వైశాలికి వచ్చిన కొత్తలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఆయాగా చేరి, నర్సుల చేతులు చూసి సూది వెయ్యడం నేర్చుకుంది. ఆమె వేస్తే చంటిపిల్లలు కూడా ఏడవరని పేరు. ఆ పేరు మీదే నోయిడాలోని ఒక పరిశోధనశాలలో పని దొరికింది. అక్కడ కోడిపిల్లలకు సూదిమందు ఇవ్వాలి.

మొదటిరోజు ఇంద్రాణి మేడమ్ మందుసీసా చేతికిచ్చింది. ఆనందకుమారి దానిమీది పేరు చదివింది. కనామైసిన్. మొండి టీబీ పట్టిన భర్త యెషయాకు నెలల తరబడి ఇంట్లో తన చేత్తో వేసిన మందు అదే.

"ఇది దేనికి మేడమ్?"

"వీటికి చెవుడు తెప్పించడానికి," అంది ఇంద్రాణి మామూలుగా. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకలున్న కణాలుంటాయని, చప్పుడును పట్టేవి అవేనని, ఈ మందు వాటిని చంపుతుందని చెప్పింది.

ఆ పైన మాటలేవీ ఆమె తలకెక్కలేదు. యెషయా కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు మిషను చప్పుడు వినే లోపం ఎక్కడుందో చెప్పేవాడు. టీబీ తగ్గేసరికి చెవులు పోయాయి. ఇప్పుడు మిషను మీద అరచెయ్యి ఆనించి, అదురును బట్టి పట్టుకుంటాడు. చెవుల్ని జబ్బే తినేసిందని ఆమె ఇన్నాళ్లూ నమ్మింది. ఇంటికెళ్లాక సీసా సంగతి భర్త దగ్గర దాచింది.

పనిలో ప్రతి కోడిపిల్లకూ నెత్తిన సన్నటి తీగలు అంటించి చప్పుడు వినిపించేవారు. వినపడితే తెరమీద గీత లేస్తుంది. సూది పడ్డాక లేవలేదు. వారాలు గడిచాయి. ఒకరోజు అదే పిల్లకు మళ్లీ తీగలు అంటించారు. గీత లేచింది.

ఆనందకుమారి అదెలాగని అడిగింది. చచ్చిన కణాల పక్కనున్నవే కొత్తవాటిని పుట్టిస్తాయని ఇంద్రాణి చెప్పింది.

"మనుషులకో మేడమ్?"

"మనుషులకు మళ్లీ రావు, ఆంటీ. పక్షులకు ఎలా వస్తున్నాయో తెలిస్తే, ఎప్పటికైనా ఏదో దారి దొరకొచ్చని మా పాట్లు."

ఆ సాయంత్రం ఇక దాచలేకపోయింది. పెదవులు చదువుకునేలా భర్తకు ఎదురుగా కూర్చుని, సీసా సంగతీ పిల్ల సంగతీ నెమ్మదిగా చెప్పింది. "మీ చెవులు తీసింది నా చెయ్యేనండీ."

యెషయా మిషనుకు నూనె వేస్తూనే ఉన్నాడు. "అయితే కోడిగా పుట్టాల్సింది. కానీ నీ చేతిలో ఆదివారం కూరనయ్యేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. అతను నూనెడబ్బా కింద పెట్టాడు.

"నాకు తెలుసు కుమారీ. మందు రాసిన రోజే డాక్టరు చెప్పాడు, చెవులు పోవచ్చు, మానేస్తే మనిషే పోతాడని. నీకు చెబితే నీ చెయ్యి వణికేది. అందుకే చెప్పలేదు."

వినపడ్డం తగ్గుతున్న రోజుల్లో కూడా, సూదికని తన ముందు అలాగే చొక్కా పైకెత్తి నిలబడ్డ మనిషి ఆమె కళ్లముందు మెదిలాడు.

మర్నాడు పరిశోధనశాలలో కోడిపిల్లను పట్టుకుంటే, ఆమె చెయ్యి మొదటిసారి వణికింది. పిల్లను గుండెకు ఆనించుకుని కూర్చుంది. వణుకు పూర్తిగా ఆగేదాకా సూది ముట్టుకోలేదు.